సెల్యూట్‌కు వెళ్లేవారు ముందుగా ఆటబల్లల దగ్గరికి వెళ్లండి

లండన్‌లోని ఎక్సెల్ ప్రదర్శనశాలలో సౌత్ లండన్ వార్‌లార్డ్స్ క్లబ్ నిర్వహించే సెల్యూట్, చిన్న సైనిక బొమ్మలతో యుద్ధక్రీడలు ఆడేవారికి నిజమైన పండుగ. అది ఒక్క రోజులోనే ముగుస్తుంది కనుక, తలుపులు తెరవగానే దుకాణాల వైపు పరుగెత్తకుండా, సందర్శకులను ఆడనిచ్చే బల్లలు ఎక్కడున్నాయో ముందుగా చూసుకుని, నిర్వాహకులను అడిగి చోటు ఖాయం చేసుకోవడం మంచిది. కొన్ని బల్లలు చూడడానికి మాత్రమే ఉంటాయి. ఆడనిచ్చే బల్లల వద్ద మాత్రం పాచికలు, బొమ్మలు వారే ఇచ్చి, నియమాలు కూడా ఓపికగా నేర్పుతారు కనుక కొత్తవారు సంకోచించనక్కరలేదు.

బొమ్మను కదపవలసి వచ్చినప్పుడు తలనో తుపాకినో కాక, అడుగున ఉన్న పీఠాన్ని పట్టుకుని ఎత్తాలి. 28 మిల్లీమీటర్ల లోహపు సైనికుడి బాయ్‌నెట్ (తుపాకి కొనకు అమర్చే కత్తి) చిన్న తాకిడికే వంగుతుంది, వేళ్ల జిడ్డుకు రంగు చెడుతుంది. దాని వెనుక ఎవరో ఎన్నో రాత్రులు పడిన శ్రమ ఉంటుంది.

చాలామంది వ్యాపారులు ముందస్తు ఆర్డర్లు తీసుకుని అక్కడే అందజేస్తారు. కావలసినవి అలా చెప్పి ఉంచితే, వరుసలో నిలబడే సమయం ఆటకు మిగులుతుంది. లోహపు బొమ్మలు బరువెక్కుతాయి, కాబట్టి చేతిసంచి కన్నా వీపుసంచి మేలు.