సెంటర్ స్పీకర్ మెయిన్స్‌తో కలిసిన విధం – నా అనుభవం

నా హోమ్ థియేటర్‌లో టీవీ కింద మధ్యలో సెంటర్ స్పీకర్, దానికి ఎడమ కుడి పక్కల మెయిన్స్ అనే రెండు ముందు స్పీకర్లు ఉన్నాయి. తెర మీద ఎవరైనా మాట్లాడుతూ ఎడమ నుంచి కుడికి నడిస్తే, మధ్యకు రాగానే గొంతు మారిపోయేది. సెంటర్, మెయిన్స్ పొంతన లేదనడానికి ఇదే అసలు గుర్తు.

ముందు లెవెల్ తేల్చాను. రిసీవర్‌లో (స్పీకర్లను నడిపే పెట్టె) టెస్ట్ టోన్ పెట్టి, కూర్చునే చోట చెవి ఎత్తులో సౌండ్ మీటర్ ఉంచి, మూడింటినీ 75 డెసిబెల్స్‌కి తెచ్చాను. ఇది చేయకుండా స్పీకర్‌ని తప్పుపట్టడం అన్యాయం. అయినా మాట డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది.

కారణం టీవీ కింది అర. స్పీకర్ లోపలికి ఉంటే అర గోడలు మగగొంతులను ఉబ్బించేస్తాయి. దాన్ని అంచు దాకా లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్ (సన్నని ధ్వనులిచ్చే చిన్న భాగం) చెవుల వైపు చూసేలా ఎత్తాను. చాలా తేడా అక్కడే పోయింది! క్రాసోవర్ (ఏ హద్దు కింది బేస్ ధ్వనులను ఈ స్పీకర్ల నుంచి తప్పించాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్‌కి మార్చి, కూర్చునే చోటి నుంచి స్పీకర్ల దూరాలు టేపుతో కొలిచి రిసీవర్‌కి ఇచ్చాను.

మిగిలింది ట్వీటర్ల తేడా. మెయిన్స్ ట్వీటర్లవి సిల్క్ డోమ్ (గుడ్డతో చేసిన గుండ్రటి పొర), సెంటర్‌ది మెటల్. ఈక్వలైజర్‌తో (ధ్వనుల హెచ్చుతగ్గులు సరిచేసే సెట్టింగ్) కొంత దగ్గరైంది గానీ 'స', 'ష' ధ్వనులు విడిగానే వినిపించాయి. చివరికి మెయిన్స్ సిరీస్‌లోని సెంటరే తెచ్చాను. బ్రాండ్ ఒకటైతే చాలదు, సిరీస్ కూడా ఒకటవ్వాలి.

ఇంకొకటి: ట్వీటర్‌కి రెండు పక్కలా వూఫర్లు (లోతైన ధ్వనులిచ్చే పెద్ద భాగాలు) ఉండే అడ్డం సెంటర్లలో పక్క సీట్లవాళ్లకు మాట పలచబడుతుంది. కొనేముందు పక్కకు జరిగి కూర్చుని వినండి.