అమెరికా హైస్కూలుకు పోతున్న పిల్లలూ, మొదటి వారాల్లో ఏదీ దాచకండి

పోయిన ఏడు దసరా రాకముందే మన వైపు పిల్లవాడొకడు అమెరికా నుంచి తిరిగొచ్చేశాడు. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థిగా అక్కడి ఒక కుటుంబం ఇంట్లో ఉంటూ పది నెలలు హైస్కూల్లో చదవాల్సినవాడు రెండు నెలలు కూడా ఉండలేకపోయాడు. చదువులో లోటు లేదు, ఇంగ్లిష్ బాగా వచ్చు. జ్వరం పట్టుకుంది, వాంతులయ్యాయి. హోస్ట్ మామ్, అంటే ఆ ఇంటి అమ్మ, ఎట్లున్నావని అడిగిన ప్రతిసారీ "ఐ యామ్ ఫైన్" అన్నాడు. హనుమకొండలో ఉన్న తల్లికి మాత్రం వాట్సాప్‌లో అన్నీ చెప్పుకున్నాడు. "గోలీ వేసుకొని పడుకో బిడ్డా, వాళ్లకు చెప్పకు, తిప్పి పంపుతరు" అన్నది ఆమె. నాలుగో రోజు బడిలో కళ్లు తిరిగి పడిపోతే అంబులెన్స్ వచ్చింది. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఇన్ని రోజులు దాచాడని తెలిశాక అతణ్ని ఇంట్లో ఉంచుకోవడానికి ఆ కుటుంబం భయపడింది. తిప్పి పంపుతారని దాచారు, దాచినందుకే తిప్పి పంపారు.

ఈ ఆగస్టులో వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి బయల్దేరే పిల్లల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. సూట్‌కేసు బరువెంత, శంషాబాద్‌కు ఎన్ని గంటలకు బయల్దేరాలి అన్నవి ఎవరైనా చెప్తారు. నేను చూసినంతలో పిల్లల ఏడాదిని పాడుచేసింది ఆ మొహమాటమే. ఆకలైతే చెప్పరు, ఒంట్లో బాగోకపోతే చెప్పరు, చలేస్తే చెప్పరు, భయమేస్తే అసలే చెప్పరు.

మన ఇళ్లలో చుట్టం రెండుసార్లు వద్దంటాడు, మూడోసారి మనమే వడ్డిస్తాం. అక్కడ ఒక్కసారి "నో, థాంక్స్" అన్నావంటే గిన్నె అవతలికి పోతుంది, మళ్లీ ఎవరూ అడగరు. అది నిర్దయ కాదు, నీ మాటకు ఇచ్చే గౌరవం. చాలా ఇళ్లలో సాయంత్రం ఆరింటికే భోజనం అయిపోతుంది. పదింటికి నీ కడుపు కాలుతుంటే, వాళ్లు నువ్వు నిండుగా తిన్నావనుకొని పడుకుంటారు. అందుకే మొదటి రోజే అడుగు: "ఆకలైతే నేను ఫ్రిజ్ తెరవొచ్చా? ఏవి తినొచ్చు, ఏవి ముట్టొద్దు?" ఈ ఒక్క ప్రశ్న అడగలేక బక్కచిక్కిపోయిన పిల్లలున్నారు.

పిల్లల మనసులో ఇంకో భయం ఉంటుంది, అడిగితే భారమైపోతామేమోనని. జే-1 వీసా (ఎక్స్‌ఛేంజ్ మీద పోయేవాళ్లకు ఇచ్చేది) మీద పోయే హైస్కూల్ విద్యార్థిని ఇంట్లో పెట్టుకున్నందుకు హోస్ట్ కుటుంబానికి జీతం రాదు. కావాలనుకునే నిన్ను పిలుచుకున్నారు. ఆ ఇంట్లోని పెద్దవాళ్ల నేర చరిత్ర తనిఖీ చేశాకే నిన్ను అక్కడికి పంపుతారు. నిన్ను తీసుకుపోయిన సంస్థ తరఫున అక్కడ నీ బాగోగులు చూసే స్థానిక కోఆర్డినేటర్ నెలకు ఒక్కసారైనా నీతో మాట్లాడాలని అక్కడి ప్రభుత్వ నిబంధనే ఉంది. ఆ మాట్లాడే రోజున "ఆల్ గుడ్" అని ఫోన్ పెట్టేయకు. చిన్నదైనా చెప్పు. ఆ ఇంట్లో పొసగకపోతే ఇల్లు మార్చే వీలు కూడా ఉంటుంది, అందులో పరువు పోయేదేమీ లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ దగ్గర రాత్రి తొమ్మిదైతే, ఆగస్టులో షికాగో వైపు పొద్దున పదిన్నర. బిడ్డ క్లాసులో ఉంటుంది, ఫోన్ మోగించకండి. వాళ్ల రాత్రి పది అంటే మీకు పొద్దున ఎనిమిదిన్నర, అప్పుడు అరగంట మాట్లాడండి చాలు. రాత్రంతా వీడియో కాల్‌లో ఉండే పిల్ల అక్కడ ఉన్నట్టూ కాదు, ఇక్కడ ఉన్నట్టూ కాదు. ఇక ఏ కష్టం చెప్పినా మీరు మొదట అడగాల్సింది ఒకటే: "ఇది ఆ ఇంట్లో చెప్పినవా?" చెప్పలేదంటే మీ సలహా తర్వాత, ముందు అక్కడ చెప్పించండి. వేల కిలోమీటర్ల అవతల నుంచి మీరు నుదురు ముట్టి చూడలేరు.

మందుల సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మన పారాసెటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ డబ్బాలో ఉండేది అదే. జలుబు సిరప్‌లు చాలావాటిలో కూడా అదే కలిసి ఉంటుంది. మన గోలీ ఒకటి, వాళ్ల సిరప్ ఒకటి, వేర్వేరు మందులనుకొని వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బతినొచ్చు. కాబట్టి గోలీ మింగే ముందే హోస్ట్ మామ్‌కు చూపించు. డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకొని, మందుల్ని వాటి పట్టీల్లోనే తీసుకుపో. బడి సంచిలో మందులు పెట్టుకోవడం చాలా స్కూళ్లలో నిషేధం, నర్సు దగ్గర ఇవ్వాలి.

అమ్మ కట్టిచ్చిన సకినాలు, పల్లిపట్టి, సర్వపిండి ప్రేమగా బడికి తీసుకుపోయి పంచకు. పల్లీ కొంచెం నోట్లోకి పోయినా ఊపిరాడని పిల్లలు అక్కడి తరగతుల్లో ఉంటారు. 2023 నుంచి నువ్వుల్ని కూడా అక్కడ ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో చేర్చారు, మన పిండివంటల్లో నువ్వులు లేనివెన్ని? ముందు అడుగు, ఏమేం వేశారో చెప్పు, అప్పుడు పెట్టు. నీకు గొడ్డుమాంసం, పంది మాంసం వద్దంటే అది కూడా మొదటి రోజే తేల్చి చెప్పు. పిజ్జా మీది పెప్పరోనీని సాధారణంగా ఈ రెండు మాంసాలతోనే చేస్తారు.

స్నానాల గది చిన్న విషయంలా కనిపిస్తుంది, గొడవలు ఇక్కడే మొదలవుతాయి. టబ్బు బయట నేల మీద నీళ్లు పోయే తూము చాలా ఇళ్లలో ఉండదు. మగ్గుతో పోసుకుంటే నీళ్లు చెక్క నేలలోకి ఇంకి కింది గది పైకప్పు మీద మరకలు కడతాయి. పరదా అంచు టబ్బు లోపలికి వేలాడాలి. ఒలికితే తుడిచి, ఒలికిందని చెప్పు. తుడిచి ఊరుకోవడం కూడా దాచడమే.

ఇంకా ఉన్నాయి, వరుసగా రాస్తున్నాను:

- పోపు పెట్టే ముందు కిటికీ తెరువు, ఫ్యాన్ వెయ్యి. పొగ అలారం మోగుతుంది.
- రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడు. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి.
- ఇక్కడి జుట్టు స్ట్రెయిట్‌నర్ తీసుకుపోకు. అక్కడ కరెంటు 120 వోల్టులు.
- తేదీలో నెల ముందు. 08/05 అంటే ఆగస్టు 5.
- పాస్‌పోర్టు, డీఎస్-2019 (జే-1 వీసా కోసం సంస్థ ఇచ్చే పత్రం) నీ దగ్గరే ఉండాలి. ఫొటోలు అమ్మకూ పంపు.
- స్టీరింగు ముట్టకు. ఖాళీ మైదానంలో కూడా.
- బీరు ఒక్క గుటక కూడా వద్దు. అక్కడ 21 ఏళ్లు నిండాలి.
- వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్టు), గంజాయి గమ్మీ (గంజాయి కలిపిన మిఠాయి): ఎవరిచ్చినా తీసుకోకు. ఆ రాష్ట్రంలో అమ్ముతున్నారన్న మాట నీకు వర్తించదు.
- స్నేహితుడి ఇంట్లో తుపాకీ కనిపిస్తే ముట్టకు. ఆ గదిలోంచి బయటికి రా. హోస్ట్ ఇంటికి ఫోన్ చెయ్యి.
- డబ్బు కోసం ఏ దుకాణంలోనూ పనికి ఒప్పుకోకు.
- బతుకమ్మ రోజుల్లో ఏడుపొస్తుంది. తలుపేసుకొని ఏడవకు, ఇవాళ మా పండుగ అని వాళ్లకు చెప్పు. పక్కింటి పూలు అడగకుండా కోయకు.
- ఎవరైనా ముట్టుకున్న తీరు నచ్చకపోతే, గది తలుపు వేసుకోవద్దంటే, ఫొటోలు అడిగితే, ఈ మాట ఎవరికీ చెప్పకు అంటే, ఆ నిమిషమే కోఆర్డినేటర్‌కు చెప్పు. అర్ధరాత్రైనా సరే. కోఆర్డినేటర్ పట్టించుకోకపోతే అమెరికా విదేశాంగ శాఖ ఎక్స్‌ఛేంజ్ విద్యార్థుల కోసం నడిపే 1-866-283-9090 కు ఫోన్ చెయ్యి. ప్రమాదమైతే 911.
- ఈ నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో. ఫోన్ ఆగిపోయిన రోజున ఒక్క నంబరూ గుర్తురాదు.