ఓపీజీ తేడాగా వచ్చిందా? రిపీట్ నొక్కే ముందు పేషెంటు దవడ చూడండి

ఓపీజీ, అంటే రెండు దవడలూ పళ్ళన్నీ ఒకే ఇమేజీలో కనిపించే ఎక్స్‌రే, మసకగా వస్తే చాలామంది వెంటనే కేవీ (ఎక్స్‌రే కిరణాల శక్తి) పెంచి మళ్ళీ తీసేస్తారు. నేను చూసిన పాడైన ఇమేజీల్లో చాలావాటికి కేవీతో సంబంధమే లేదు. మెషిన్ తల చుట్టూ తిరుగుతూ గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒక్క పొరనే స్పష్టంగా చూపిస్తుంది. దాన్నే ఫోకల్ ట్రఫ్ అంటాం. దవడ పళ్ళ దగ్గర అది వెడల్పుగా ఉంటుంది, ముందు పళ్ళ దగ్గరికొచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. కంపెనీవాళ్ళు దాన్ని సగటు దవడకు సరిపోయేలా పెడతారు. ఎత్తు పళ్ళవాళ్ళు, పళ్ళు లేనివాళ్ళు, నడుము వంగిన పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మనం సర్దకపోతే ఆ పొరలోకి రారు.

ఒక ఓపీజీ రేడియేషన్ డోసు సాధారణంగా 10 నుంచి 25 మైక్రోసీవర్ట్ల మధ్య ఉంటుంది. తక్కువే. కానీ రిపీట్ తీస్తే అది రెట్టింపవుతుంది, పేషెంటుకు దానివల్ల కొత్తగా ఒరిగేదీ లేదు. అందుకే పాడైన ఇమేజీని ముందు చదవాలి.

ముందు పళ్ళు మసకగా ఉన్నాయి

మొదట వాటి వెడల్పు చూడండి. సన్నగా నొక్కేసినట్టు ఉంటే పేషెంటు పొరకు ముందుకు జరిగాడు, వెడల్పుగా సాగినట్టు ఉంటే వెనక్కి ఉన్నాడు. మామూలు దవడైతే పై పళ్ళు, కింది పళ్ళు రెండూ బైట్ బ్లాక్ (కొరికి పట్టుకునే ముక్క) గాడిలో అంచుకు అంచు కూర్చున్నాయో లేదో చూసి, లేజర్ లైట్ కోరపన్ను దగ్గర మాన్యువల్ చెప్పినచోట పడేలా సరిచేస్తే సరిపోతుంది. ఆ చోటు కంపెనీని బట్టి మారుతుంది.

అసలు చిక్కు ఎత్తు పళ్ళవాళ్ళతో. పై పళ్ళు గాడిలో పడతాయి, కిందివి వెనకే ఉండిపోతాయి. అప్పుడు పైవి బాగా వస్తాయి, కిందివి మాత్రం వెడల్పుగా, మసకగా ఉంటాయి. కింది దవడ ముందుకున్నవాళ్ళలో కింది పళ్ళు సన్నబడతాయి. "కింది దవడ కాస్త ముందుకు తెచ్చి కొరకండి" అంటే చాలామందికి వీలవుతుంది. వీలుకాకపోతే ఒకే ఓపీజీలో రెండూ స్పష్టంగా రావు. డాక్టరు ఏ దవడ కోసం రాశారో చీటీ చూసి, దాన్నే పొరలో పెట్టండి. చాలా మెషిన్లలో పొరను కొన్ని మిల్లీమీటర్లు ముందుకూ వెనక్కీ జరిపే వీలుంది, వెడల్పు దవడకూ ఇరుకు దవడకూ వేరే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఆ బటన్లు ముట్టుకోని సెంటర్లు ఎన్నో. రెండో దవడ ముందు పళ్ళు కూడా కావాలంటే అక్కడ మాత్రం ఆర్‌వీజీ (ఒకటి రెండు పళ్ళకు నోట్లో సెన్సర్ పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే) తీయండి, మొత్తం ఓపీజీ మళ్ళీ వద్దు.

పళ్ళ వరుస బాగా వంగింది, లేదా బల్లపరుపుగా ఉంది

వి ఆకారంలో వంగి, కింది ముందు పళ్ళ వేర్లు పొట్టిగా కనిపిస్తే గడ్డం బాగా కిందికి దిగింది. కండైల్ (చెవి ముందు కీలులో ఉండే కింది దవడ కొన) పైన తెగిపోవడం కూడా ఇందులోనే జరుగుతుంది. వరుస బల్లపరుపుగానో బోర్లించినట్టో ఉండి, అంగిలి ఎముక పై పళ్ళ వేర్ల మీద పడితే గడ్డం పైకి లేచింది. కంటి కింది ఎముక అంచు నుంచి చెవి రంధ్రం పై అంచుకు వెళ్ళే గీత నేలకు సమాంతరంగా ఉండాలి. నడుము వంగిన పెద్దవాళ్ళు ఎదుటికి చూడాలని తెలియకుండానే గడ్డం ఎత్తుతారు. వాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, మెషిన్‌ని వాళ్ళ ఎత్తుకు దించండి.

ఒక వైపు పెద్దది, ఇంకో వైపు చిన్నది

తల తిరిగిందా, నిజంగానే దవడ వంకరా? రెండు వైపులా మొదటి దవడ పన్ను వెడల్పు పోల్చి చూడండి. ఎముకతో పాటు పళ్ళు కూడా ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉంటే తల తిరిగినట్టే. పళ్ళు రెండు వైపులా ఒకేలా ఉండి ఎముకలోనే తేడా ఉంటే అది పేషెంటుది, రిపీట్ అక్కర్లేదు, డాక్టరుకు చెప్పండి. ముఖంలో తేడా ఉన్నవాళ్ళకు ముక్కు కొననో పళ్ళ మధ్య గీతనో నమ్మి నడిమి గీత లైటు పెట్టకండి. రెండు కళ్ళ మధ్య, నుదుటి నడుమ చూసి పెట్టండి.

పై పళ్ళ వేర్ల మీద నల్లటి పట్టీ

నాలుక అంగిలికి అంటలేదు. "నాలుక పైకి పెట్టండి" అంటే చాలామందికి అర్థం కాదు, కొన మాత్రమే ఎత్తుతారు. "మామ్మగారూ, ఒక గుటక మింగండి. నాలుక ఇప్పుడు ఎక్కడుందో అక్కడే అదిమి పట్టుకోండి, పెదాలు మూయండి" అనండి. ఆ వెంటనే బటన్ నొక్కాలి. ఆలస్యమైతే నాలుక జారిపోతుంది. పళ్ళు లేనివాళ్ళయితే కట్టుడు పళ్ళ సెట్టు తీయించి, బ్లాక్ మీద దూది చుట్ట పెట్టి చిగుళ్ళతో పట్టుకోమనండి, లేదా గడ్డం ఆనించే చిన్ రెస్ట్ వాడండి.

మధ్యలో తెల్లటి నీడ

మెడ ఎముక. పాదాలు అర అడుగు ముందుకు వేయించి, హ్యాండిల్ పట్టుకుని మెడ నిటారుగా సాగదీయమనండి. మెడ నిటారుగా రానివాళ్ళను బలవంతపెట్టొద్దు. ముందు పళ్ళకు ఆర్‌వీజీ చాలు.

మధ్యలో కుదుపు, కింది దవడ అంచు అలలా ఉంది

మెడ పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్ళకు తిరిగే యూనిట్ భుజానికి తగులుతుంది. చున్నీ, జాకెట్ తీయించి, చేతులు అడ్డంగా మార్చి ఎదుటి హ్యాండిళ్ళు పట్టుకోమంటే భుజాలు దిగుతాయి. ఎక్స్‌పోజర్ లేకుండా ఒకసారి తిప్పి చూపించండి. పిల్లల టెన్షన్ కూడా దాంతోనే పోతుంది. పిల్లల ప్రోగ్రామును వయసు చూసి కాకుండా ఒళ్ళు చూసి ఎంచుకోండి.

అటువైపు పైన తెల్లటి మరక

కమ్మలు, మాటీల ఘోస్ట్ ఇమేజ్, అంటే దొంగ నీడ. ఎదుటి వైపు, అసలు చోటుకన్నా పైన, మసకగా పడుతుంది. కింద మధ్యలో తెల్లటి త్రికోణం కనిపిస్తే పేషెంటుకు వేసిన సీసం ఏప్రన్ మెడ దగ్గర పైకి లేచింది. థైరాయిడ్ కాలర్ ఓపీజీలో కిరణాలకు అడ్డం వస్తుంది. పుస్తెలతాడు తీయడానికి కొందరు ఇష్టపడరు. ఎందుకు అడుగుతున్నామో గౌరవంగా చెప్పండి. అయినా వద్దంటే మెడ వెనక వీలైనంత కిందికి దించి టేపు వేయండి.

క్లిప్పుల పేషెంట్లు మళ్ళీ మళ్ళీ వస్తారు. వాళ్ళకు ఏ దవడ ప్రోగ్రాము, పొర ఎన్ని మిల్లీమీటర్లు జరిపారు, కేవీ ఎంత, దూది పెట్టారా అన్నది ఫైల్లో రాయండి. వచ్చే ఏడాది ఎవరు తీసినా రెండు ఇమేజీలూ పోల్చడానికి పనికొస్తాయి.