సహాయ నిరాకరణ పాఠం చెప్పాలా? ముందు రెండు తువ్వాళ్లు తెచ్చుకోండి

శ్రీకాకుళంలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ముందు పుస్తకం తెరవను. ఒక పొందూరు ఖద్దరు తువ్వాలు, ఒక మామూలు మిల్లు తువ్వాలు చేతికిచ్చి ధరలు చెప్పమంటాను. అసలు ధర చెప్పగానే "అమ్మో, ఎందుకంత?" అంటారు. అప్పుడు చెప్పండి, పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికి, చేమగ్గం మీద నేస్తారని. కుదిరితే ఓ ఆదివారం పొందూరు తీసుకెళ్లండి, చేప దవడ చూశాక ఇంకెప్పుడూ మర్చిపోరు.

ఇక 1921కి రండి. సర్కారు బడులు, కోర్టులు, విదేశీ గుడ్డలు వదిలేయమని గాంధీ పిలుపిచ్చిన రోజులవి. ఒకరిని ప్లీడరు, ఒకరిని సర్కారు బడి మాస్టారు, ఒకరిని కాలేజీ కుర్రాడు అనుకోమని, ఉద్యమంలో చేరితే ఇంట్లో ఏం పోతుందో లెక్క చెప్పమనండి. ఫీజులు, జీతం, సర్టిఫికెట్. అయినా ఎందుకు వదిలారంటే రౌలట్ చట్టం (విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం), జలియన్‌వాలాబాగ్ కాల్పులు, ఖిలాఫత్ (టర్కీ ఖలీఫా కోసం ముస్లింలు చేసిన ఉద్యమం) అని వాళ్ల నోటే వస్తుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసులో బాగా సాగుతున్న ప్రాక్టీసు వదిలేశారని అక్కడ చెప్పండి. విదేశీ గుడ్డల దిగుమతి విలువ 1921-22 మధ్య 102 కోట్ల నుంచి 57 కోట్లకు పడిపోయింది, ఈ అంకె మాత్రం బట్టీ పట్టాల్సిందే.

తర్వాత పట్టణాల్లో జోరు ఎందుకు తగ్గిందని అడిగితే సగం మంది "భయపడ్డారు" అని రాస్తారు, కొట్టేయండి. మళ్లీ ఆ తువ్వాళ్లు చూపించండి. మిల్లు గుడ్డ కన్నా ఖద్దరు ఖరీదు, పేదవాళ్లు ఎన్నాళ్లు కొంటారు? బడి మానేసిన పిల్లలకు జాతీయ పాఠశాలలు వెంటనే సరిపడా రాలేదు, దాంతో మాస్టార్లూ పిల్లలూ పాత బడికే వెళ్లారు, ప్లీడర్లు కోర్టు మెట్లెక్కారు. గాంధీ 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టిన తర్వాత ఉద్యమం ఆపేశారు, కానీ ఈ జారుడు అంతకుముందే మొదలైంది. ఈ రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

నేనే ఒకసారి "అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో" అని నోరు జారాను. మన జిల్లా ఏర్పడింది 1950లో, ఉద్యమం నాటికి ఈ ఊరు గంజాం జిల్లాలో ఉండేది. మ్యాప్ గీయించేటప్పుడు అప్పట్లో మన ప్రాంతం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి రంగు వేయించి, కౌన్సిల్ ఎన్నికల్ని చాలా ప్రాంతాల్లో బహిష్కరిస్తే ఇక్కడ బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ పోటీ చేసిందని దాని పక్కనే రాయించండి. ఒక మార్కు ప్రశ్న అది.