గ్రామ సంఘం కారం మిల్లు: మిషను కన్నా ముందు మిర్చి లెక్క

ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలు కలిసి ఏర్పడ్డ గ్రామ సంఘం పెట్టిన కారం మిల్లు మిషను దొరక్క ఆగదు. మిర్చి కొనే డబ్బు లేక ఆగుతుంది. అందుకే బ్యాంకు గడప తొక్కకముందే ఈ లెక్క చేయండి.

పది కిలోల ఎండుమిర్చి తెచ్చి తొడిమలు తీయండి. కాయను ఊపితే గింజలు గలగలలాడి, వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి ఆడించి, పొడిని తూకం వేయండి. ఎనిమిదిన్నర కిలోలు వచ్చిందనుకుందాం. నెలకు 200 కిలోలు అమ్మాలంటే ఏడాదికి దాదాపు 28 క్వింటాళ్ల మిర్చి కావాలి. క్వింటా రూ.15,000 అనుకున్నా రూ.4,20,000 అవుతుంది! కొత్త పంట మిర్చి మార్కెట్ యార్డుకు బాగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అంత సొమ్ము ఒక్కసారి పెట్టలేకపోతే నాలుగు నెలల సరుకు కొని, మిగతాది కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన తెచ్చుకోండి. ఆ ధరలో స్టోరేజీ అద్దె కూడా ఉంటుందని మర్చిపోవద్దు.

అప్పు రెండుగా అడగండి. మిషనుకు టర్మ్ లోను, అంటే కిస్తీల్లో తీర్చే అప్పు. సరుకుకు క్యాష్ క్రెడిట్, అంటే పరిమితి లోపల తీసుకుంటూ కడుతూ వాడుకునే అప్పు. టర్మ్ లోను సొమ్ముతో మిర్చి కొన్నారా, మిషను సగంలో ఆగుతుంది. క్యాష్ క్రెడిట్‌తో మిషను కొన్నారా, కిస్తీ కట్టడానికి అమ్మే సరుకే ఉండదు. మొదటి కిస్తీకి కనీసం మూడు నెలల గడువు రాయించుకోండి. సరుకు డబ్బు చాలకపోతే సభ్యుల పొదుపు సంఘాలు బ్యాంకు లింకేజీలో (పొదుపు సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోవచ్చు. పది లక్షల దాకా ఆ అప్పుకు తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతాను ఆపి ఉంచకూడదు.

చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ అంటే అది చేతికొచ్చే డబ్బు కాదు. మిషన్లు 4 లక్షలైతే సంఘం వాటా కనీసం 40,000, మిగతాది బ్యాంకు అప్పు. సబ్సిడీ 1,40,000 బ్యాంకులోనే పక్కన ఉంటుంది. అప్పు సక్రమంగా నడిచి, యూనిట్ పనిచేస్తుంటే మూడేళ్ల తర్వాత అప్పులో జమ చేస్తారు. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో ముందే కనుక్కోండి. సబ్సిడీని పెట్టుబడిలో కలిపి లెక్క వేసుకున్న సంఘానికి మొదటి ఏడాదే ఊపిరాడదు.

మిషను బిల్లు గ్రామ సంఘం పేరునే ఉండాలి, అధ్యక్షురాలి పేరునో ఆమె భర్త పేరునో కాదు. షెడ్డు ఎవరి స్థలంలో ఉంటే వారితో అద్దె ఒప్పందం రాయించండి. లేకపోతే మాట పట్టింపు వచ్చిన రోజు మిల్లుకు తాళం పడుతుంది. మిల్లుకు వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. పనిచేసిన సభ్యులకు కూలి ముందు, లాభం పంపకం తర్వాత అని తీర్మానంలోనే రాయండి. వ్యవసాయ కరెంటు లైను మీద మిల్లు నడిపితే కేసు అవుతుంది, పరిశ్రమ కేటగిరీ మీటరే తీసుకోండి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ప్యాకెట్ అమ్మొద్దు. పొడిలో తేమ 11 శాతం దాటకూడదు.

ఇక అరువు. కిరాణా కొట్లు నెల అరువు అడుగుతాయి, హాస్టళ్ల బిల్లులు అంతకన్నా ఆలస్యం. అరువు పుస్తకం విడిగా పెట్టి, పాత బాకీ సగం తీరితేగానీ కొత్త సరుకు దింపకండి.