మీ అపార్ట్‌మెంట్‌లో రోజువారీ అద్దె ఫ్లాట్లను ఆపించడం ఎలా

చెప్పుల స్టాండు పక్కన గోడకు నంబర్ల తాళంతో చిన్న ఇనుప డబ్బా, లోపల ఫ్లాటు తాళంచెవి. బాల్కనీలో ఒకే రకం తెల్ల దుప్పట్లు అయిదారు ఆరేసి ఉంటాయి. రాత్రి పదకొండు దాటాక లిఫ్టు ముందు చక్రాల సూట్‌కేసుల చప్పుడు. ఈ మూడూ ఒకే ఫ్లాటు దగ్గర కనిపిస్తే అందులో కాపురం లేదు, లాడ్జి నడుస్తోంది.

న్యూయార్క్‌లో అయితే ఈ పని నగరమే చూసుకుంటుంది. 2023 సెప్టెంబరు 5 నుంచి అక్కడ 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వాలంటే నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయించుకోవాలి, ఇంటాయన అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. భవనం యజమాని తమ భవనాన్ని నిషేధిత జాబితాలో పెట్టించుకుంటే అందులో ఎవరికీ నమోదు దొరకదు. హైదరాబాద్‌లో భవనం పేరును అలా ఎక్కించుకునే ఏర్పాటు లేదు కాబట్టి భారమంతా అసోసియేషన్ మీదే పడుతుంది. చాలా కమిటీలు గేటు దగ్గర అతిథితో గొడవ పెట్టుకోవడంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి. అతిథి రేపు పొద్దున వెళ్లిపోతాడు, అతనితో తేలేదేమీ లేదు. యజమానిని పట్టుకోవాలి.

అంతకంటే ముందు వాచ్‌మన్ సంగతి చూడండి. తాళాలు ఇచ్చేదీ, గది ఊడ్పించేదీ, ఖాళీ అయిందని ఫోన్ చేసేదీ చాలాచోట్ల అతనే. మనిషికింతని చేతిలో పడుతుంటే మీ రిజిస్టర్‌లో నిజం రాయడు. ఏ ఫ్లాటు తాళమూ సెక్యూరిటీ దగ్గర ఉంచకూడదని కమిటీ రాతపూర్వకంగా చెప్పాలి. అతని జీతం కూడా ఒకసారి చూసుకోండి.

తర్వాత ఒక నెల పాటు లెక్క రాయించండి: తేదీ, ఫ్లాటు నంబరు, పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, బండి నంబరు, రాత్రి ఉన్నారా లేదా. విజిటర్ యాప్ ఉంటే అందులోంచే నివేదిక దించుకోవచ్చు. నెలలో ఒకే ఫ్లాటులో నాలుగైదు వేర్వేరు బృందాలు రాత్రి బస చేసి వెళ్తే అనుమానం గట్టిపడినట్టే. గేటు దగ్గర ఆధార్ జిరాక్సులు పోగు చేయకండి. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ చూసి పేరు రాసుకుంటే చాలు.

ఇక ప్రకటన. బుకింగ్ సైట్ల మ్యాపులో ఇంటి చోటు తరచూ ఒక గుండ్రని వలయంగానే కనిపిస్తుంది, ఫ్లాటు నంబరు ఉండదు. ఫొటోల్లో కిటికీ గ్రిల్లు, వంటగట్టు రాయి రంగు, బాల్కనీ నుంచి కనిపించే వాటర్ ట్యాంకు పోల్చి చూడండి. రివ్యూలు కూడా చదవండి, “సెక్యూరిటీ వాళ్లు ఫ్రెండ్ అని చెప్పమన్నారు” లాంటి మాటలు అక్కడే దొరుకుతాయి. స్క్రీన్‌షాట్‌లో లింకు, తేదీ, హోస్ట్ (అద్దెకిచ్చేవాడు) పేరు, ధర కనబడాలి. అన్నిటికంటే గట్టి రుజువు కావాలంటే అసోసియేషన్ తరఫున ఒక రాత్రికి బుక్ చేసి డబ్బు కట్టండి. పూర్తి చిరునామాతో కన్ఫర్మేషన్, రసీదు వస్తాయి. ఆ ఖర్చును కమిటీ మినిట్స్‌లో ముందే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి. “నివాసానికి మాత్రమే” అన్న ఒక్క మాట సరిపోదు. వచ్చినవాళ్లు నివాసమే ఉంటున్నారు కదా అని అవతలి లాయరు వాదిస్తాడు. ఇలాంటి వాక్యం చేర్చుకోండి:

“ఫ్లాటు యజమాని గానీ, అద్దెదారు గానీ, వారి తరఫువారు గానీ డబ్బు తీసుకుని 30 రాత్రుల కంటే తక్కువ కాలానికి ఫ్లాటును గానీ, అందులో గదిని గానీ ఎవరికీ ఇవ్వకూడదు, అలా ఇస్తామని ఎక్కడా ప్రకటించకూడదు. డబ్బు తీసుకోకుండా వచ్చే బంధుమిత్రులకు ఇది వర్తించదు.”

ఇందులో బరువంతా “ప్రకటించకూడదు” అన్న మాటదే. ఎవరు ఎన్ని రాత్రులు ఉన్నారో నిరూపించడం కష్టం, ప్రకటన అయితే కళ్ల ముందే ఉంటుంది. జరిమానా ఒక రాత్రి అద్దె కంటే తక్కువ పెడితే దాన్ని ఖర్చు కింద రాసేసుకుంటారు. మరీ లక్షల్లో పెడితే కోర్టులో నిలవదు. కమిటీలో నలుగురు కూర్చుని చేసిన తీర్మానం కూడా నిలవదు. జనరల్ బాడీ, అంటే సభ్యులందరి సమావేశం పిలవాలి, ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలో, ఎంత మెజారిటీ కావాలో మీ బైలాస్‌లో ఉన్నట్టే చేయాలి, సవరణను మీరు నమోదైన రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. కమిటీ సభ్యుడి ఫ్లాటే రోజువారీ అద్దెకు నడుస్తుంటే ముందు దాన్ని మూయించండి. లేదంటే మొదటి వాయిదాలోనే అది బయటపడుతుంది.

యజమాని చాలాసార్లు ఊళ్లో ఉండడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఒక ఆపరేటర్‌కు ఇచ్చి ఉంటాడు, మామూలు కంటే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తున్నాయి కాబట్టి ఏమీ అడగడు. ఆపరేటర్‌కే నోటీసు ఇస్తే అది చెత్తబుట్టలోకి పోతుంది. యజమానికి ఈమెయిల్‌తో పాటు, సేల్ డీడ్‌లో ఉన్న చిరునామాకు అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టు పంపండి. రుజువులు జత చేసి, ప్రకటన తీసేయడానికి ఏడు రోజులు గడువివ్వండి. అగ్రిమెంటులో సబ్‌లెట్ చేయకూడదని రాసి ఉందో లేదో చూసుకోమనండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం ఒప్పందంలో వద్దని లేకపోతే అద్దెదారు మరొకరికి అద్దెకు ఇచ్చుకోవచ్చు. చాలామంది యజమానులకు ఈ సంగతి తెలియదు, తెలిశాక వాళ్లే కదులుతారు.

కదలకపోతే ఎక్కువగా పనిచేసేది కరెంటు మీటరు. గృహ వినియోగం కింద తీసుకున్న కనెక్షన్‌తో వ్యాపారం చేస్తున్నారని దక్షిణ డిస్కమ్‌కు, అంటే హైదరాబాద్‌కు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థకు రాయండి. విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద అది అనధికార వినియోగమని అధికారి తేలిస్తే వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు; ఎప్పటి నుంచో తేలకపోతే తనిఖీకి ముందు పన్నెండు నెలలకు లెక్క కడతారు. మున్సిపల్ కార్పొరేషన్‌కు ట్రేడ్ లైసెన్సు లేదని, నివాసానికి అనుమతి పొందిన భవనంలో లాడ్జి నడుస్తోందని మరో ఫిర్యాదు ఇవ్వండి. విదేశీయులు దిగితే బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. అందరూ ఫారం-సి అనేది దాన్నే. అది జరగలేదని తెలిస్తే పోలీసులు త్వరగా స్పందిస్తారు.

బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ సర్టిఫికెట్ ఉందని కొందరు చూపిస్తారు. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. తాళం డబ్బాతో నడిచే ఫ్లాటుకు అది వర్తించదు.

ఫిర్యాదులో పెళ్లికాని జంటల ప్రస్తావన తేకండి. పెద్దవాళ్లిద్దరు ఒక గదిలో ఉండటం నేరం కాదు, దాంతో అసలు విషయం పక్కకు పోతుంది. నీళ్లు, కరెంటు, లిఫ్టు ఆపడం కూడా అంతే. అప్పటిదాకా బాధితులుగా ఉన్న మీరే ముద్దాయిలవుతారు. అన్నీ అయ్యాక మిగిలేది ఈ అద్దెలు ఆపమని ఆదేశం కోరుతూ సివిల్ కోర్టులో వేసే ఇంజంక్షన్ దావా: సేల్ డీడ్, సవరించిన బైలాస్, మినిట్స్, నోటీసు రసీదులు, ఆ నెల రోజుల లెక్క, బుకింగ్ రసీదు లాయరుకు ఒకే ఫైలులో ఇవ్వండి.

ప్రకటన తీసేశాక కూడా పదిహేను రోజులకోసారి వెతుకుతూ ఉండండి. హోస్ట్ పేరు మారుతుంది, ధర మారుతుంది, సోఫా కూడా మార్చేస్తారు. కిటికీ గ్రిల్లు మాత్రం మార్చరు.