ఆఫీసు కంప్యూటర్ ఇంటి నుంచి – నాలుగో పాఠం: ముందు గడప లోపల

కేఆర్ పురం నుంచి బయల్దేరి, మెజెస్టిక్‌లో మెట్రో రైలు మారి పీణ్యలోని మా ఆఫీసుకు వచ్చే అకౌంటెంట్ మేడమ్ కోసమే ఈ తిప్పలన్నీ అని మొదటి పాఠంలో చెప్పాను. నెలనెలా జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11వ తారీఖు గడువు, జీఎస్టీఆర్-3బీకి 20. సరిగ్గా దానికి ముందురోజే బెంగళూరులో వాన దంచికొడుతుంది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఆఫీసులో, ఆవిడ ఇంట్లో.

పోయినసారి ఆఫీసులోని ఆరు కంప్యూటర్లకూ చిట్టా రాశాం. ఒక కంప్యూటర్‌ను ఇంకో కంప్యూటర్ నుంచి వాడుకునే విండోస్ ఏర్పాటే రిమోట్ డెస్క్‌టాప్. విండోస్ హోమ్ ఉన్నదాంట్లోకి దాంతో ఎవరూ రాలేరు, దాన్నుంచి ఇంకోదాంట్లోకి మాత్రం వెళ్లొచ్చు. అదృష్టవశాత్తూ ట్యాలీ కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉంది. రూటర్‌లో దానికి 192.168.1.25 అనే నెట్‌వర్క్ అడ్రసు ఖాయం చేశాం. ఆ పని వదిలేసి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లి అది చేసి రండి. కరెంటు పోయి వచ్చాక అడ్రసు మారిపోతే, తప్పు ఎక్కడుందో తెలియక సగం రోజు పోతుంది.

ఈ వారం ఇంటి నుంచి కనెక్ట్ అవ్వం. పక్క టేబుల్ నుంచి అవుతాం. పక్క టేబుల్ నుంచి రానిది కేఆర్ పురం నుంచి రాదు.

ట్యాలీ కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్. స్విచ్ ఆన్ చేయండి. బయటినుంచి వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్‌లో కావలసిన అనుమతి విండోసే ఇచ్చుకుంటుంది. కింద నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ అని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టే ఉంచండి. అది ఉంటే, పాస్‌వర్డ్ సరిపోయాకే లాగిన్ తెర వస్తుంది. తీసేస్తే, వచ్చిన ప్రతివాడికీ ముందు తలుపు తీసి, హాల్లో కూర్చోబెట్టి, ఆ తర్వాత పేరు అడిగినట్టు.

ఇప్పుడు మనిషి సంగతి. మేడమ్‌కు అడ్మినిస్ట్రేటర్ లాగిన్ ఇవ్వకండి. సుళువే కానీ వద్దు. విడిగా ఒక మామూలు లోకల్ అకౌంట్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్ల జాబితాలో ఆ పేరు చేర్చండి. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ను విండోస్ బయటినుంచి రానివ్వదు. ఇక రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు, ఎందుకంటే రిమోట్‌లో ఆ పిన్ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. "నిన్నటిదాకా పనిచేసింది కదన్నా" అని మేడమ్ నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ పిన్నే.

పక్క కంప్యూటర్‌లో విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎం, ఎస్, టీ, ఎస్, సీ అక్షరాలు కొట్టండి. తెరుచుకున్న కిటికీలో 192.168.1.25 ఇవ్వండి. సర్టిఫికెట్‌ను, అంటే ఆ కంప్యూటర్ గుర్తింపు పత్రాన్ని, నమ్మలేకపోతున్నానని హెచ్చరిక వస్తుంది. ఆ సర్టిఫికెట్ మన కంప్యూటర్ తనకు తానే రాసుకున్నది కాబట్టి వస్తుంది. ఆఫీసు లోపల, అడ్రసు మనదేనని తెలిసినప్పుడు, ముందుకు సాగొచ్చు.

కనెక్ట్ కాకపోతే ముందు ఒకటే తేల్చుకోండి: తప్పు దారిలోనా, తాళంలోనా? యూజర్ పేరు, పాస్‌వర్డ్ తప్పని చెబితే తాళం. అసలు కంప్యూటర్ దొరకడం లేదంటే దారి. దారి చూడడానికి పక్క కంప్యూటర్‌లో, కమాండ్లు కొట్టే పవర్‌షెల్ తెరిచి, టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుకు ఆ అడ్రసూ, పోర్ట్ 3389 ఇవ్వండి. పోర్ట్ అంటే కంప్యూటర్‌కున్న తలుపు నంబరు లాంటిది, రిమోట్ డెస్క్‌టాప్‌ది 3389. చివరి వరుసలో ట్రూ వస్తే దారి బాగుంది, పాస్‌వర్డ్ చూసుకోండి. ఫాల్స్ వస్తే ఫైర్‌వాల్, కేబుల్, లేదా నిద్రపోయిన కంప్యూటర్. మూడోదే ఎక్కువ. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ఎప్పటికీ వద్దని మార్చండి. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందే వచ్చే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లో, కరెంటు తిరిగొచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే ఏర్పాటుంటే అదీ పెట్టండి. లేకపోతే వాచ్‌మన్‌ను బతిమాలి బటన్ నొక్కించాల్సిందే.

ఒక్కమాట, మేడమ్ లోపలికి వెళ్లగానే ఆఫీసులోని తెర లాక్ అవుతుంది. మామూలు విండోస్‌లో ఒకసారి ఒక్కరే. ఇద్దరు ఒకేసారి పనిచేయాలంటే సర్వర్, దానికి లైసెన్సులు కావాలి. ఆ పరిమితిని తొలగిస్తామనే ఉచిత ప్యాచ్‌లు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు.

ఇంత అయ్యాక హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టిన మా ఓనరుగారు అడిగారు: "ఏమప్పా, రూటర్‌లో ఏదో పోర్ట్ తెరిస్తే ఇంటి నుంచి వచ్చేస్తుందంట కదా?"

వస్తుంది. అందుకే భయం. కొన్నేళ్ల కిందట ఇంకో చిన్న ఆఫీసులో నేనే ఆ పని చేశాను. ఇంటర్నెట్ నుంచి 3389కి వచ్చేదాన్ని రూటర్ నేరుగా కంప్యూటర్‌కు పంపేలా ఫార్వర్డ్ చేసి, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాను. వారం తర్వాత, కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు, అంటే విఫలమైన లాగిన్లు, పేజీలకు పేజీలు. అడ్మిన్, టెస్ట్, అకౌంట్స్ అని పేర్లు మార్చి మార్చి ఎవడో తలుపు తడుతున్నాడు. తెలివిగా పోర్ట్‌ను 3390కి మార్చాను. కొన్నాళ్లు సద్దుమణిగి, మళ్లీ మొదలు. ఇంటి నంబరు మారిస్తే దొంగకు వీధి తెలియకుండా పోతుందా?

పాస్‌వర్డ్ గట్టిదైతే చాలదా అంటారా? 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డే అక్కర్లేదు. దాన్ని సరిచేసే ప్యాచ్ వేయని విండోస్ 7 లాంటి పాత వాటిలోకి చొరబడడానికి పోర్ట్ తెరిచి ఉంటే చాలు. 2014లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేయాల్సి వచ్చిందంటే తీవ్రత ఊహించుకోండి. పైగా ఏదైనా జరిగితే, 2022 నుంచి, సైబర్ దాడుల సంగతి చూసే మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ప్రకారం దానికి 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. చిన్న కంపెనీ అయినా మినహాయింపు లేదు.

కాబట్టి 3389 ఆఫీసు గడప దాటదు. ఇంకాస్త బిగిద్దాం: విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్స్ తెరిచి, స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ అడ్రసుగా 192.168.1.0/24 మాత్రమే, అంటే మన ఆఫీసు లోపలి అడ్రసులు మాత్రమే, ఇవ్వండి. అక్కడ టీసీపీ, యూడీపీ అని పేర్లున్న రూల్స్ రెండింటికీ చేయండి.

ఈ వారం పని. మీ రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. అందులో 3389 కనబడితే, ఎవరు ఎప్పుడు పెట్టారని విచారించకుండా తీసేయండి. తర్వాత అదే రూటర్‌లో వాన్ (WAN) అడ్రసు, అంటే ఇంటర్నెట్ వైపున్న అడ్రసు, చూసి రాసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే అడ్రసును చాలామందికి పంచుతోందన్నమాట. అప్పుడు వచ్చే పాఠంలో వైర్‌గార్డ్ వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీసు లోపలికి తాళం వేసిన సొరంగం లాంటి దారి, పెట్టే పద్ధతి మీకు వేరుగా ఉంటుంది. ఆ అంకె లేకుండా రావద్దు.